ఆపరేషన్ ముందు పల్చన బిళ్ల: ఆపమన్నదెవరు, మళ్లీ వేసుకోమన్నదెవరు?

నేరేడుచర్ల: ఆపరేషన్ అనగానే మన పల్లెల్లో ఇంటిల్లిపాదీ కదులుతారు. ఆరోగ్యశ్రీ కార్డు ఎక్కడుందో వెతుకుతారు. రక్తం ఇచ్చేందుకు ఇద్దరు కుర్రవాళ్లను మాట్లాడి పెట్టుకుంటారు. నాట్లు అయ్యాక చేయిద్దామా, కోతలయ్యాక చేయిద్దామా అని లెక్కలు వేసుకుంటారు. ఇన్ని ఏర్పాట్ల నడుమ ఆ మనిషి రోజూ అన్నం తిన్నాక మింగే ఒక చిన్న బిళ్ల సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అది రక్తం పల్చబడేందుకు ఇచ్చిన బిళ్ల. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు, గుండె లయ తప్పినవారు, ఒకసారి పక్షవాతం వచ్చి తేరుకున్నవారు దీనిని వాడుతుంటారు. ఆపరేషన్ బల్ల ఎక్కేలోగా ఈ బిళ్ల సంగతి తేలకపోతే ప్రాణం మీదికి వస్తుందన్న విషయం మన ప్రాంతంలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

కొందరు అసలు చెప్పరు. డాక్టరు "ఏమన్నా మందులు వాడుతున్నారా" అని అడిగితే "బీపీ గోలీ, షుగర్ గోలీ" అని ఊరుకుంటారు. స్టెంటు వేయించుకున్న సంగతి చెబితే ఆపరేషన్ చేయరేమోనన్న భయం ఒకటి. ఇంకొందరు అతి తెలివికి పోతారు. "నెత్తురు పల్సగుంటే ఆగదంట గదా, అందుకనే వారం ముందుగాలనే బంద్ జేసినం" అని చెప్పే కొడుకులను చూస్తుంటాం. ఎవరు ఆపమన్నారని అడిగితే పక్కింటి వారి పేరు చెబుతారు, లేదా మందుల దుకాణంలో అన్నారంటారు. చెప్పకపోతే కోసిన చోట రక్తం ఆగదు. అడగకుండా ఆపేస్తే స్టెంటులోనో, కవాటం మీదనో, మెదడు నరంలోనో రక్తం గడ్డ కడుతుంది. రెండింటిలోనూ మనిషిని పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది.

ఈ మందు పుట్టుక కథ రైతు సోదరులు తప్పక తెలుసుకోదగినది. ఎందుకంటే అది పశువుల మేతతో మొదలై ఎలుకల మందు మీదుగా మనిషి దగ్గరకు వచ్చింది. 1920ల నాటి సంగతి. అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, కెనడాలోను తీపి క్లోవర్ అనే పశుగ్రాసం పండించేవారు. వానకు తడిసి బూజు పట్టిన ఆ మేతను తిన్న పశువులు ఉన్నట్టుండి రక్తం కారి చనిపోసాగాయి. కొమ్ములు కోసినా, వట్టలు తీసినా రక్తం ఆగేది కాదు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డ కట్టని రక్తాన్ని, చెడిపోయిన మేతను బండిలో వేసుకుని మంచు తుపానులో మాడిసన్ నగరానికి వెళ్లాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రక్తాన్ని చూసి పనిలోకి దిగాడు. అసలు పదార్థం బయటపడటానికి ఆరేళ్లు పట్టింది. అదే డైకుమరాల్. దాని నుంచి పుట్టిన మరింత బలమైన మందుకు, పరిశోధనకు డబ్బు పెట్టిన సంస్థ పేరులోని అక్షరాలను కూర్చి వార్ఫరిన్ అని పేరు పెట్టారు. 1948లో దానిని ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకు వాడటానికి అనుమతి వచ్చింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకూ ఇదే ఇచ్చారు.

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే మన రైతులు ఎలుకల కోసం గట్ల మీద పెట్టే బ్రోమోడయోలిన్ కూడా ఈ కుటుంబంలోనిదే. ఎలుక దానిని తిన్న వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు తిరిగి, లోలోపల రక్తం కారి చస్తుంది. ఆ ఆలస్యమే ఇక్కడ మనం గమనించవలసిన సంగతి. మనిషి వేసుకునే వార్ఫరిన్ పని మొదలుపెట్టడానికీ రోజులు పడుతుంది, ఆపితే దాని పని దిగిపోవడానికీ రోజులు పడుతుంది. ఇవాళ రాత్రి బిళ్ల మానేసి రేపు పొద్దున ఆపరేషన్‌కు పోతే మానినట్టు కానే కాదు. (ఎలుకల మందు మోతాదు వేరు, విషం విషమే. పిల్లలకు అందకుండా పెట్టడం మరువవద్దు.)

రక్తం పల్చన చేసే బిళ్లలన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. అసలు ఇవేవీ నీళ్లు కలిపినట్టు రక్తాన్ని పల్చన చేయవు. గడ్డ కట్టే గుణాన్ని తగ్గిస్తాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు అనే కణాలు ఉంటాయి. గాయమైన చోట ముందు అవి వచ్చి అతుక్కుంటాయి. ఎకోస్ప్రిన్ పేరుతో దొరికే ఆస్పిరిన్, దానికి తోడుగా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఈ కణాలను మొద్దుబారుస్తాయి. మొద్దుబారిన కణం మళ్లీ కోలుకోదు. శరీరం రోజుకు పదో వంతు చొప్పున కొత్త కణాలను పుట్టించుకుంటూ పోవాలి. అందుకే ఆస్పిరిన్ ప్రభావం పూర్తిగా పోవాలంటే 7 నుంచి 10 రోజులు పడుతుంది. వార్ఫరిన్, మన వైపు ఎసిట్రోమ్ పేరుతో ఎక్కువగా రాసే బిళ్ల కాలేయం దగ్గర పని చేస్తాయి. గడ్డ కట్టించే పదార్థాలను తయారు చేయడానికి కాలేయానికి విటమిన్ కె కావాలి. దానికి ఇవి అడ్డుపడతాయి. వార్ఫరిన్‌ను పెద్ద ఆపరేషన్‌కు సుమారు 5 రోజుల ముందు, ఎసిట్రోమ్‌ను అంతకంటే తక్కువ రోజుల ముందు ఆపిస్తారు. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్ అనే కొత్త బిళ్లలకు ఒకటి నుంచి మూడు రోజులు సరిపోతుంది గాని, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి డాబిగాట్రాన్ వంటివి ఇంకా ముందే ఆపవలసి వస్తుంది.

ఈ రోజుల లెక్క పాఠకులు సొంతంగా పాటించడానికి రాయడం లేదు. ఒకరికి 5 రోజులు, ఇంకొకరికి ఒకటే రోజు, మరొకరికి అసలు ఆపకూడదు అని డాక్టరు చెబితే, "వాళ్లకట్ల, మనకిట్ల ఎందుకు" అని అనుమానపడకుండా ఉండటానికి రాస్తున్నాను.

అసలు ఆపకూడనివారు ఎవరని అడగవచ్చు. పన్ను పీకించుకోవడానికి, కంటి శుక్లం తీయించుకోవడానికి చాలామందికి ఈ బిళ్లలు ఆపనక్కరలేదు. పన్ను తీసిన చోట గుడ్డ అదిమి పెడితే రక్తం ఆగుతుంది. కంటి శిబిరానికి పోయేవారు వారం ముందు నుంచీ గుండె బిళ్ల మానుకుని కూర్చోవడం అనవసరంగా ప్రమాదం కొనితెచ్చుకోవడమే. శిబిరంలో బిళ్ల చూపించి అడిగితే సరిపోతుంది. ఇక స్టెంటు వేయించుకున్నవారి విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. కొత్త స్టెంటు చుట్టూ రక్తనాళపు లోపలి పొర పెరిగి కప్పుకునేదాకా అది రక్తానికి పరాయి వస్తువే. అందుకే ఆగగలిగే ఆపరేషన్ అయితే స్టెంటు వేసిన తరువాత 6 నెలలు, గుండెపోటు వచ్చి వేసినదైతే ఏడాది ఆగమని డాక్టర్లు చెబుతారు. ఆ తరువాత చేసినా చాలామందికి ఆస్పిరిన్ మాత్రం కొనసాగిస్తూనే చేస్తారు.

మన పల్లెల్లో స్టెంటు ఉన్నవారి సంఖ్య ముందుకాలం వలె లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పేదవారికి గుండె చికిత్స అందుబాటులోకి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. ఇవన్నీ మంచి పనులే, ఎవరూ కాదనరు. కాని గుండెకు హైదరాబాదులో చికిత్స పొందిన మనిషికి రేపు కాలు విరిగితే మిర్యాలగూడకో, సూర్యాపేటకో, కోదాడకో పోతాడు. అక్కడివారి వద్ద ఇక్కడి కాగితం ఉండదు. ఆ కాగితం ఇంట్లో ట్రంకు పెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం కింద ఉంటుంది.

కవాటం మార్పించుకున్నవారి పరిస్థితి ఇంకా సున్నితమైనది. చిన్ననాడు గొంతునొప్పి, ఆ తరువాత కీళ్ల జ్వరం వచ్చి సరైన వైద్యం లేక కవాటాలు చెడిన ఆడపిల్లలు పేద కుటుంబాలలో ఇప్పటికీ ఉన్నారు. వారికి లోహపు కవాటం వేస్తారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన మన దేశపు కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. దానితో ఖరీదు తగ్గింది. ఏ దేశపు లోహపు కవాటమైనా బిళ్ల మాత్రం జీవితాంతం తప్పదు. ఇటువంటి అమ్మాయికి పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు తీసుకుపోతారు. "చిన్న ఆపరేషనే గదా" అంటారు. కవాటం ఉన్న స్త్రీకి చిన్న ఆపరేషన్ అనేది లేదు. ముందుగా గుండె డాక్టరు మాట లేకుండా కదలరాదు. ఇంకొక సంగతి. వార్ఫరిన్ గాని, ఎసిట్రోమ్ గాని వాడుతున్న స్త్రీ నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ బిళ్ల కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అలాగని తనంతట తాను మానేస్తే తల్లికి ముప్పు.

నడుముకు సూది వేసి చేసే ఆపరేషన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గర్భసంచి, వరిబీజం, గిలక, కాలు ఎముక ఇలాంటివి చాలా భాగం నడుముకు మత్తు సూది ఇచ్చే చేస్తారు. రక్తం గడ్డ కట్టని మనిషికి ఆ సూది వేస్తే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి, నరాలు నలిగి, కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అరుదే, కాని వస్తే తిరిగి రాదు. అందువల్ల కోసే డాక్టరుతో పాటు మత్తు డాక్టరుకు కూడా ఈ బిళ్ల సంగతి విడిగా చెప్పాలి. చాలామంది మత్తు డాక్టరును చూసేది బల్ల ఎక్కాకనే. అప్పటికి చెప్పే ఓపిక గాని, వినే తీరిక గాని ఉండవు.

ఇంతకూ అసలు చిక్కు ఎక్కడ వస్తున్నదంటే ఇద్దరు డాక్టర్ల నడుమ. ఆపరేషన్ చేసే డాక్టరు "గుండె డాక్టరును అడిగి రండి" అంటాడు. అక్కడికి పోతే "ఆపరేషన్ చేసేవారు చెప్పాలి గదా" అంటారు. రోగిని కూర్చోబెట్టుకుని కొడుకు నేరేడుచర్ల నుంచి హైదరాబాదుకు ఒకసారి, మిర్యాలగూడకు ఒకసారి బస్సులు మారుతూ తిరుగుతాడు. ఒక పూట కూలి పోతుంది, చేతిలోని డబ్బు పోతుంది, చివరకు తేలేది ఏమీ ఉండదు. ఆ విసుగులోనే "ఎందుకొచ్చిన గోల, మానేద్దాం" అని ఇంట్లో నిర్ణయం జరిగిపోతుంది. ఈ భారాన్ని చదువురాని కుటుంబం మీద పెట్టడం న్యాయం కాదు. ఆ ఇద్దరు డాక్టర్లు ఫోనులో మాట్లాడుకుంటే అయిదు నిమిషాల పని. ప్రతి జేబులో ఫోను ఉన్న కాలంలో ఈ పని ఎందుకు జరగదో అర్థం కాదు.

ఆపడం ఒక ఎత్తయితే మళ్లీ మొదలుపెట్టడం మరొక ఎత్తు. ఎక్కువ ప్రాణనష్టానికి దారి తీయగలిగేది ఇదేనని నా అభిప్రాయం. ఆపరేషన్ అయ్యాక రక్తస్రావం లేకపోతే ఆస్పిరిన్‌ను, వార్ఫరిన్‌ను సాధారణంగా ఒక రోజులోనే తిరిగి వేయిస్తారు. కొత్త బిళ్లలను ఆపరేషన్ తీరును బట్టి ఒకటి నుంచి మూడు రోజులలో మొదలుపెడతారు. మన దగ్గర మాత్రం "కుట్లు ఇప్పినంక సూద్దాం" అంటారు. లెక్క వేసి చూడండి. ముందు 5 రోజులు ఆపారు. కుట్లు విప్పేదాకా 10 రోజులు. ఆ తరువాత వేసుకున్నా వార్ఫరిన్ పూర్తిగా పని చేయడానికి మరో 5 రోజులు. మొత్తం 20 రోజులు ఆ మనిషి కాపలా లేని పొలంలాగా ఉన్నాడు. పైగా కోత పడిన శరీరంలో రక్తం మామూలుకన్నా త్వరగా గడ్డ కడుతుంది. మంచం మీద కదలకుండా పడుకుంటే కాళ్లలో మరీ కడుతుంది. ఆపరేషన్ బాగా జరిగిందని అందరూ సంతోషపడుతున్న పదిహేనో రోజున మూతి వంకర పోతే "గ్రహచారం" అంటారు. గ్రహచారం అనుకునేముందు మందు చీటీ తీసి చూడవలసి ఉంది.

బిళ్ల ఆపిన రోజుల్లో పొట్టకు హెపారిన్ సూదులు వేసే పద్ధతి ఉన్నది. పూర్వం దాదాపు అందరికీ వేసేవారు. 2015లో అమెరికా, కెనడా దేశాలలో గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడే 1,884 మంది మీద జరిపిన పరిశోధనలో కొత్త సంగతి తేలింది. సూదులు వేసినవారిలో వెయ్యికి 32 మందికి పెద్ద రక్తస్రావం జరిగింది. వేయనివారిలో 13 మందికే. గడ్డలు కట్టడంలో ఇద్దరికీ చెప్పుకోదగిన తేడా లేదు. అప్పటి నుంచి అటువంటివారిలో చాలామందికి సూదులు మానేశారు. లోహపు కవాటం ఉన్నవారిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదు, వారిలో కొందరికి నేటికీ సూదులు అవసరమవుతాయి. కాబట్టి సూది రాయలేదని డాక్టరుతో పోట్లాడవద్దు, రాస్తే డబ్బు కోసమని అనుమానపడవద్దు. ఎందుకు రాశారో, ఎందుకు రాయలేదో అడిగే హక్కు మాత్రం మనకున్నది.

సూదుల మాట వచ్చింది గనుక ఊరి ఆర్ఎంపీల గురించి ఒక ముక్క. వారిని తిట్టిపోయడం సులభం. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది వారే. కాని మోకాళ్ల నొప్పికి తొడకో, పిర్రకో ఇచ్చే డైక్లోఫెనాక్ సూది రక్తం పల్చన చేసే బిళ్ల వాడేవారికి తగినది కాదు. సూది పొడిచిన చోట కండలో రక్తం నిలుస్తుంది. మందు వల్ల కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. మలం తారులాగా నల్లగా రావడం దానికి గుర్తు. సూది పడితేనే నొప్పి పోతుందనే మన పట్టుదలే వారి చేత సూది వేయిస్తున్నది. వేసేముందు "పల్చన బిళ్ల వాడుతున్నావా పెద్దాయనా" అని ఆర్ఎంపీ అడగాలి. అడగకపోతే పెద్దాయనే చెప్పాలి.

తిండి గురించి కూడా అపోహలు ఉన్నాయి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ముట్టరాదని ఎవరో చెబితే గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు మొత్తం మానేసినవారున్నారు. ఆకుకూరలలో విటమిన్ కె ఉంటుంది, నిజమే. మానవలసిన పని లేదు. రోజూ ఎంత తింటారో అంతే తింటూ పోతే మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. నెలంతా మాని, ఒక వారం మునగాకు మీద పడితేనే తేడా వస్తుంది. ఆ తేడాను చెప్పేది ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. బిళ్ల వాడేవారికి చాలావరకు 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కొన్ని కవాటాలకు ఇంకా కొంచెం ఎక్కువ. పెద్ద ఆపరేషన్ రోజుకు 1.5 కంటే తక్కువకు దిగిందా లేదా అని చూస్తారు. ఈ పరీక్ష ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ రోజుల్లో చేస్తారో హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట ఆసుపత్రుల గోడల మీద తెలుగులో రాసి పెట్టాలి.

బిళ్ల పేరు తెలియదన్నది ఇంకొక ఇబ్బంది. ఎకోస్ప్రిన్ గోల్డ్ అనే గోలీలో కొవ్వు మందు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిసి ఉంటాయి. దానిని "కొవ్వు గోలీ" అని చెబితే డాక్టరుకు మిగతా రెండూ తెలియవు. పేరు చదవలేనివారు ఖాళీ అట్టనైనా జేబులో పెట్టుకుని పోవాలి.

ఇక ఒంటిపూట కూడా ఆగని ఆపరేషన్లు ఉంటాయి. గట్టు మీద జారి తుంటి విరిగిన ముసలమ్మకు, పేగు చిల్లుపడ్డ మనిషికి అయిదు రోజులు ఆగమనడం కుదరదు. తుంటి విరిగినవారిని వీలైనంత వరకు రెండు రోజుల్లోపే ఆపరేషన్‌కు తీసుకుపోవాలని డాక్టర్లు చూస్తారు. అప్పుడు వార్ఫరిన్ ప్రభావాన్ని విటమిన్ కె సూదితోను, అవసరమైతే రక్తపు ప్లాస్మాతోను దించవచ్చు. బిళ్ల ఉందని తెలిస్తేనే ఆ ఏర్పాటు చేస్తారు. చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారన్న భయంతో దాచినవారు తమవారికి మేలు చేయడం లేదు.

ఏనాడూ ఈ బిళ్ల వాడనివారికి కూడా తుంటి, మోకీలు మార్పిడి ఆపరేషన్ల తరువాత కొద్ది వారాలు ఇస్తారు. "మా అమ్మ గుండె బాగనే ఉన్నది, ఇదెందుకు" అని సగంలో పారేస్తారు. అది గుండెకు ఇచ్చినది కాదు. కాలి నరంలో గడ్డ కట్టి ఊపిరితిత్తికి పోకుండా ఇచ్చినది. ఒక కాలు వాచి, పిక్క నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా నాటు వైద్యానికి, తోముడుకు పోకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

ప్రభుత్వం, ఆసుపత్రులు పూనుకుంటే ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన రోజునే బిళ్ల పేరు, ఆపవలసిన తేదీ, మళ్లీ వేసుకోవలసిన తేదీ, చెప్పిన డాక్టరు సంతకం తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితాలు ఇంగ్లీషులో ఉంటున్నాయి. అందులో ఆపమన్నారో, వాడమన్నారో చదివి చెప్పడానికి ఊరిలో ఇంటర్ చదివినవాడి కోసం వెతుక్కోవలసి వస్తున్నది. నా దగ్గరికీ తెస్తుంటారు. డాక్టరు రాత చదవడం ఇంటర్‌తో వచ్చే విద్య కాదు. బీపీ, షుగరు లెక్కలు రాసుకునే ఆశా కార్యకర్తలు ఇంటింటి రిజిస్టరులో రక్తం పల్చన చేసే బిళ్ల వాడేవారి పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకోవచ్చు. పల్లె దవాఖానాలో ఆ పేర్లు ఉంటే కంటి శిబిరానికో, కుటుంబ నియంత్రణకో పంపేటప్పుడు ముందే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో చేర్చుకునే చోట ఆరోగ్యమిత్రలు ఉంటారు. కార్డు, ఆధార్, ఫోను నంబరు అడిగే ఆ బల్ల దగ్గరే "గుండెకు గాని, పక్షవాతానికి గాని ఏదైనా బిళ్ల వాడుతున్నారా, అట్ట తెచ్చారా" అన్న ప్రశ్నను కూడా చేర్చి, జవాబును కేసు షీటు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసేలా జిల్లా వైద్యాధికారులు ఉత్తర్వులు ఇవ్వాలి.